తలంబ్రాలకు ముందు లేజర్ చేయించుకోవచ్చా?

ప్రశ్న: సార్, నమస్తే. నాకు 24 ఏళ్లు. నరసన్నపేట దగ్గర ఒక గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌గా చేస్తున్నాను. ఏడో తరగతి నుంచి సైటు ఉంది. ఇప్పుడు కుడి కంటికి మైనస్ 5.25, సిలిండర్ 1.75. ఎడమ కంటికి మైనస్ 4.50, సిలిండర్ 2.25. ఎడమ కంటికి పోయినేడాది కంటే ముప్పావు పవర్ పెరిగింది. ఫంక్షన్లకు కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుంటాను. వేసవిలో కళ్లు దురద పెడితే బాగా నులుముకుంటాను. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. మాఘమాసంలో ముహూర్తం పెట్టుకోవాలని, ఈలోగా నా అద్దాలు తీయించేయాలని అమ్మ ఆత్రం. విశాఖలో మూడు చోట్ల చూపించుకున్నాం. మొదటి చోట మామూలు లేసిక్ చాలన్నారు. రెండో చోట లేసిక్ పాతబడింది, స్మైల్ చేయించుకోవాల్సిందే అన్నారు. మూడో చోట కార్నియా (కంటి ముందుండే అద్దంలాంటి పొర) మందం 508 ఉంది, పీఆర్‌కే అయితే చూస్తాం, అది కూడా లెన్సులు మానేసి మళ్లీ రమ్మన్నారు. కుడి కంటి సిలిండర్ కూడా ఒకచోట 1.75 అంటే ఇంకోచోట 2.25 అన్నారు. ఎవరి మాట నమ్మాలి? మా తమ్ముడికి మైనస్ 2 ఉంది, రైల్వే పరీక్షలకు చదువుతున్నాడు. ఇద్దరికీ కలిపి చేయిస్తే తగ్గిస్తామని మొదటి ఆసుపత్రివాళ్లు అన్నారు. నాన్న దానికే మొగ్గుతున్నారు.
— ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ తమ్ముడి సంగతి తేల్చేస్తాను. ఈలోగా మీ నాన్నగారు అడ్వాన్సు కట్టేస్తారేమోనని నా భయం.

అబ్బాయి ఏ పోస్టుకు చదువుతున్నాడో మీరు రాయలేదు. అసిస్టెంట్ లోకో పైలట్ అయితే గనక లేజర్ జోలికి వెళ్లకూడదు. ఆ ఉద్యోగానికి రైల్వే అడిగేది ఏ-1 వైద్య ప్రమాణం. అద్దాలు లేకుండా రెండు కళ్లకూ 6/6, అంటే పూర్తి చూపు ఉండాలి. లేజర్ చేయించుకుని ఆ 6/6 తెచ్చుకున్నవాళ్లను తీసుకోరు. చేయించుకోలేదని బుకాయిద్దామంటే కుదరదు, కార్నియా మ్యాపు తీస్తే కన్నే చెప్పేస్తుంది. గుమస్తా తరహా పోస్టులకైతే అద్దాలతో చూపు సరిపోతే చాలు. అంటే ఒకదానికి లేజర్ అడ్డు, ఇంకోదానికి అనవసరం. పోలీసు, సైన్యం, పారామిలటరీ, వీటిలో ఒక్కోదానికి ఒక్కో నియమం. నోటిఫికేషన్‌లో వైద్య ప్రమాణాల పేజీ చదవకుండా కళ్ల మీద చెయ్యి వేయనివ్వొద్దు. ఇద్దరికీ కలిపి తగ్గిస్తామంటున్నారట! ఇవేమన్నా ఆషాఢం సేల్లో చీరలా?

ఇక మీ విషయం. నేను సర్జన్‌ను కానని ముందే చెప్పాలి. ముప్ఫై ఏళ్లు ఈ జిల్లాలో ఆప్తాల్మిక్ ఆఫీసర్‌గా ట్రయల్ ఫ్రేము పెట్టి అద్దాలు రాసినవాణ్ణి. కాబట్టి కత్తి పట్టినవాడి మాటగా కాకుండా, కత్తికి ముందూ తర్వాతా కళ్లు చూసినవాడి మాటగా వినండి.

మూడు చోట్ల మూడు రకాలుగా చెప్పారని కంగారు పడ్డారు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పారని నేను అనుకోను. ఏ ఆసుపత్రిలో ఏ మెషీన్ ఉంటే వాళ్ల నోట ఆ పేరే ముందు వస్తుంది. మీ ఉత్తరంలో నన్ను ఆపింది వేరే మాట. కుడి కంటి సిలిండర్ ఒకచోట 1.75, ఇంకోచోట 2.25. కొలతలే కుదరనప్పుడు కుట్టు ఏ మెషీన్ మీదైతేనేం?

ఈ తేడాకు నాకు తోచే మొదటి కారణం మీ కాంటాక్ట్ లెన్సులు. లెన్సు కార్నియాను తెలియకుండా నొక్కుతుంది, ఆకారం కొద్దిగా మారుస్తుంది. తీసిన గంటకో, మర్నాడో కొలిస్తే వచ్చేది మీ కన్ను కొలత కాదు, లెన్సు నొక్కిన కన్ను కొలత. సిలిండర్‌కు వాడే మెత్తని లెన్సులైతే కనీసం రెండు వారాలు, గట్టి లెన్సులైతే మూడు నాలుగు వారాలు మానేశాకే కొలవాలి. ఆ తర్వాత కూడా కొన్ని రోజుల తేడాతో రెండుసార్లు కొలిస్తే ఒకే అంకె రావాలి. మూడో ఆసుపత్రివాళ్లు మళ్లీ రమ్మన్నారు చూడండి, మీకు విసుగు తెప్పించినవాళ్లు వాళ్లే అయ్యుంటారు. నా మార్కులు మాత్రం వాళ్లకే.

సిలిండర్ అంటే ఏమిటో మీకు ఎవరైనా చెప్పారో లేదో. వంటింట్లోకి వెళ్లి సాంబారు గరిటె తిరగేసి చూడండి. దాని వీపు ఎటు చూసినా ఒకే వంపు. ఇప్పుడు ఉప్మా తినే స్పూను తిరగేయండి. నిలువునా ఒక వంపు, అడ్డంగా ఇంకో వంపు. సిలిండర్ ఉన్న కార్నియా ఈ స్పూను వీపులాంటిది. వట్టి మైనస్ అయితే అన్ని దిక్కులా సమంగా చెక్కితే సరిపోతుంది. సిలిండర్ ఉంటే ఒక దిక్కున ఎక్కువ, దానికి అడ్డంగా ఉన్న దిక్కున తక్కువ చెక్కాలి. ఆ దిక్కునే మీ చీటీలో యాక్సిస్ అని డిగ్రీల్లో రాస్తారు. మీరు అన్నీ రాసి అదొక్కటీ వదిలేశారు. చాలామంది వదిలేస్తారు. కానీ చెక్కేటప్పుడు ఆ దిక్కు 10 డిగ్రీలు తప్పితే సిలిండర్ దిద్దుబాటులో మూడో వంతు పోయినట్టే. 30 డిగ్రీలు తప్పితే చేసీ చేయనట్టే.

దీనికి తోడు ఇంకో తిరకాసు ఉంది. కొలతలు కూర్చోబెట్టి తీస్తారు, ఆపరేషన్ పడుకోబెట్టి చేస్తారు. మనిషి పడుకోగానే కన్ను కొన్ని డిగ్రీలు తనలో తాను తిరగొచ్చు. లేసిక్‌కీ పీఆర్‌కేకీ వాడే ఎక్సైమర్ అనే చెక్కే లేజర్ మెషీన్లలో చాలావాటికి, కంటిపాప చుట్టూ ఉన్న గోధుమరంగు భాగంలోని గీతలను గుర్తుపట్టి, ఆ తిరుగుడు లెక్కేసుకునే ఏర్పాటు ఉంది. స్మైల్ మొదటి తరం మెషీన్‌కు అది లేదు. సర్జనే ముందు కంటి మీద ఇంకుతో గుర్తులు పెట్టి, వాటినిబట్టి సరిచేసుకోవాలి. కొత్త తరం మెషీన్‌లో దానికి సాయం వచ్చింది. మీ ఎడమ కంటికి రెండు దాటిన సిలిండర్ ఉంది కాబట్టి, స్మైల్ అన్నవాళ్లను ఈ ప్రశ్న అడగండి: మీది ఏ మెషీన్, కన్ను తిరిగితే ఎలా సరిచేస్తారు? జవాబు తడబడకుండా రావాలి.

లేజర్ల పేర్లలోకి వెళ్లేలోపు ఒక పాత తప్పు చెప్పుకోవాలి. నాదే.

పాలకొండ వైపు పనిచేసే రోజుల్లో ఇంటర్ చదివే ఓ కుర్రాడు ఏటా నా దగ్గరికి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా సిలిండర్ అరో ముప్పావో పెరిగి ఉండేది. బెంచీ మీద కూర్చున్నంతసేపూ పిడికిళ్లతో కళ్లు నులుముతూనే ఉండేవాడు. నేను కొత్త చీటీ రాసి పంపేసేవాణ్ణి. మూడో ఏడు రాలేదు. లేజర్ చేయించుకున్నాడు, అద్దాల్లేకుండా తిరుగుతున్నాడు అని ఊళ్లోవాళ్లు చెప్పారు. రెండేళ్లకు మళ్లీ వచ్చాడు. ట్రయల్ ఫ్రేములో అద్దం మీద అద్దం మార్చాను. ఏది వేసినా 'అక్షరానికి తోక ఉంది సార్' అనేవాడు. టార్చి చూపిస్తే మూడు టార్చీలు కనబడుతున్నాయన్నాడు. కార్నియా పల్చబడి ముందుకు ఉబ్బిపోయింది. వాడికి మొదట్నుంచీ కెరటోకోనస్, అంటే కార్నియా ఇలా ఉబ్బే జబ్బు ఉండి ఉండాలి. ఏటా పెరిగిన ఆ సిలిండర్ దాని గుర్తే. ఆపరేషన్ చేసినవాళ్లు మ్యాపు సరిగ్గా చూడలేదు, నిజమే. నేను అసలు అనుమానమే పడలేదు. తర్వాత క్రాస్ లింకింగ్ అనే చికిత్స చేసి ఉబ్బు పెరగకుండా ఆపారు. ఇప్పుడు గట్టి లెన్సు పెట్టుకుని పని చేసుకుంటున్నాడు. లెన్సు తీస్తే ఎదురుగా వచ్చే మనిషిని పోల్చుకోలేడు.

అందుకే 'ముప్పావు పెరిగింది', 'బాగా నులుముకుంటాను' అన్న రెండు మాటలు మీ ఉత్తరంలో చూసేసరికి ఉలిక్కిపడ్డాను. మీకు అదే ఉందనడం లేదు. లేదని తేల్చుకోవాలి అంటున్నాను. దానికి కార్నియా టోపోగ్రఫీ ఉంది. పెంటాకామ్ లాంటి మెషీన్ అయితే కార్నియా ముందు వైపే కాదు, వెనక వైపు వంపు కూడా కొలిచి రంగుల మ్యాపు ఇస్తుంది. మామూలు సిలిండర్ ఉన్న కన్నైతే ఆ మ్యాపులో డమరుకం బొమ్మ కనబడుతుంది, రెండు వైపులా సమానంగా. డమరుకం కింది సగం లావెక్కి పక్కకు వాలిందంటే అనుమానించాలి. మూడు చోట్లా మ్యాపు తీసే ఉంటారు. అడిగి కాపీలు తెచ్చుకోండి. డబ్బు కట్టి తీయించుకున్న పరీక్ష కాగితం మీదే.

దురదకు ఈలోగా చేయాల్సింది చెప్తాను. నులమడం మానేయండి. దురద రేగితే శుభ్రమైన గుడ్డ చల్లటి నీళ్లలో తడిపి మూసిన కళ్ల మీద వేసుకోండి. ఎలర్జీకి చుక్కల మందు డాక్టరు చేత రాయించుకోండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ చుక్కలు వద్దే వద్దు. దురద వెంటనే తగ్గుతుంది, కానీ ఊరికే వాడుతూ పోతే కంట్లో ప్రెషర్ పెరిగి నరం దెబ్బతింటుంది.

ఇప్పుడు ఆ 508. అవి మైక్రాన్లు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్, అంటే మీ కార్నియా మధ్యలో అర మిల్లీమీటరు మందం ఉంది. సగటు 540 దరిదాపుల్లో ఉంటుంది. మీది కొంచెం పల్చన, బెంగ పడేంత కాదు. కానీ పవర్ తీయడమంటే ఇందులోంచి చెక్కేయడమే, చెక్కింది మళ్లీ పెరగదు. ఆరున్నర మిల్లీమీటర్ల వెడల్పున చెక్కితే ఒక్కో పవర్‌కు సుమారు 14 మైక్రాన్లు పోతాయి. మీ కుడి కంటికి 5.25, 1.75 కలిపితే 7. ఏడు పద్నాలుగులు 98. ఈ అంకె గుర్తుపెట్టుకోండి.

చెక్కే ఆ లేజర్ వెనక మనవాడొకడు ఉన్నాడు. మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్ అమెరికాలో ఐబీఎం ల్యాబ్‌లో పనిచేసేవారు. 1981 నవంబరులో థ్యాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు ఇంట్లో మిగిలిన టర్కీ కోడి ముక్క ల్యాబ్‌కు పట్టుకెళ్లి దాని మీద ఎక్సైమర్ లేజర్ వేసి చూశారు. చుట్టుపక్కల ఏమీ మాడకుండా గీత గీసినట్టు తెగింది. లేజర్ అంటే కాల్చడమని చాలామంది అనుకుంటారు. ఇది కాల్చదు. 193 నానోమీటర్ల అతినీల కిరణం అణువుల మధ్య బంధాలను తెంపి పొరపొరగా ఎగరగొడుతుంది. ఆపరేషన్ బల్ల మీద వెంట్రుకలు మాడిన వాసన వస్తే భయపడొద్దని అందుకే చెప్తారు.

మీకు చెప్పిన మూడింటిలో పాతది పీఆర్‌కే. కార్నియా పైన 50 మైక్రాన్ల పల్చటి చర్మంలాంటి పొర ఉంటుంది. దాన్ని తీసేసి, కింద నేరుగా ఎక్సైమర్‌తో చెక్కి, పైన కట్టులాగా ఒక మెత్తని లెన్సు పెడతారు. నాలుగైదు రోజుల్లో పొర మళ్లీ పెరుగుతుంది, అప్పుడు లెన్సు తీస్తారు. ఆ మొదటి రెండు మూడు రోజులు బాధే, అందులో దాపరికం లేదు. ఇసుక పోసినట్టు గరగర, పచ్చిమిర్చి చెయ్యి తగిలినట్టు మంట, కిటికీ తీస్తే కన్నీళ్లు. ఫోన్ చూడలేరు, అన్నం కలుపుకోవడానికి కూడా పక్కన మనిషి ఉంటే బాగుండుననిపిస్తుంది. వారానికి పనికొచ్చే చూపు వస్తుంది, పూర్తిగా తేటపడటానికి ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. మీ అంత పవర్‌కు చెక్కిన చోట మసక పట్టే గుణం ఉంటుంది కాబట్టి ఆపరేషన్‌లోనే మైటోమైసిన్ అనే మందు కాసేపు అద్దుతారు. కొన్ని నెలలు ఎండలో చలువ కళ్లద్దాలు తప్పనిసరి, అతినీల కిరణాలు ఆ మసకను పెంచుతాయి. మనవాళ్లు కళ్లు బాగుండాలని అరసవల్లి ఆదిత్యుడికి మొక్కుతారు కదా, మొక్కుకోండి, కానీ ఆ కొన్నాళ్లూ ఆయన ముందుకు కూడా చలువ అద్దాలతోనే వెళ్లండి. ఇంత యాతన ఎందుకయ్యా అంటే లెక్క చూడండి. 508లోంచి 50, 98 తీసేస్తే గట్టి కండ 360 మిగులుతుంది. పైపొర ఎలాగూ మళ్లీ వచ్చేస్తుంది. లేసిక్‌లోలాగా ఎగిరిపోయే మూత లేదు, జరిగిపోయే పొర లేదు.

లేసిక్‌లో ఆ బాధ ఉండదు. కార్నియా మీద ఒక మూత కోసి, పుస్తకం అట్ట తెరిచినట్టు పక్కకు మడిచి, కింద చెక్కి, మళ్లీ మూసేస్తారు. ఒక్కో కంటికి కొన్ని నిమిషాల పని. మర్నాడు పొద్దున్నే గోడమీద క్యాలెండర్ చదివేస్తారు. మామూలు లేసిక్ అన్నారంటే బ్లేడుతో కోసేది అయ్యుంటుంది, కనుక్కోండి. బ్లేడు మూత 130 నుంచి 160 మైక్రాన్ల దాకా ఉంటుంది, ఒక్కోసారి అనుకున్నదానికంటే మందంగా తెగుతుంది. బ్లేడు బదులు ఫెమ్టో అనే కోత లేజర్‌తో కోస్తే 100, 110 దగ్గర కచ్చితంగా ఆపగలరు. 'బ్లేడ్‌లెస్' అని బోర్డుల మీద రాసేది దీన్నే.

మీ లెక్క: ఫెమ్టో మూత 110, చెక్కింది 98, కింద మిగిలేది 300. కనీసం 250 మిగలాలన్నది చాలాకాలంగా ఉన్న నియమం, జాగ్రత్తపరులు 280, 300 ఉండాలంటారు. ఆ లెక్కన గట్టెక్కుతారు. కానీ ఇంకో లెక్క ఉంది. మూత, చెక్కింది కలిపి మొత్తం మందంలో 40 శాతానికి చేరితే తర్వాత కార్నియా ఉబ్బే ప్రమాదం పెరుగుతుంది. మీది 508కి 208, అంటే 41 శాతం. బ్లేడుతో 150 మూత అనుకుంటే 49 శాతం, కింద మిగిలేది 260. మొదటి ఆసుపత్రి మాట నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే. మూత ఎన్నటికీ మునుపటిలా అతుక్కోదు. అంచు దగ్గర అతుకుతుందంతే. ఏళ్ల తర్వాత కూడా గట్టి దెబ్బ తగిలితే జరగొచ్చు. మూత కోసేటప్పుడు కార్నియా నరాలు దాదాపు చుట్టూరా తెగుతాయి కాబట్టి కొన్ని నెలలు కన్ను ఎండిపోయినట్టు ఉంటుంది. పొద్దస్తమానం కంప్యూటర్ ముందు రెప్ప వేయకుండా ఆన్‌లైన్ ఎంట్రీలు చేసేవాళ్లకు, స్కూటీ మీద గాలికి తిరిగేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

కాంటూరా అనే పేరు కూడా మీ చెవిన పడుతుంది. అది వేరే ఆపరేషన్ కాదు, మీ కార్నియా మ్యాపునుబట్టి చెక్కే పద్ధతి. మూత మూతే.

స్మైల్‌లో మూత లేదు, ఎక్సైమర్ లేదు. ఫెమ్టో లేజర్ ఒక్కటే కార్నియా లోపల ఉల్లిపొరలాంటి చిన్న బిళ్లను గీస్తుంది. దాన్ని 2 నుంచి 4 మిల్లీమీటర్ల గాటులోంచి సర్జన్ చేత్తో విడదీసి లాగేస్తాడు. గీసేటప్పుడు అర నిమిషం దాకా కన్ను కదపకుండా పచ్చ దీపాన్నే చూస్తూ ఉండాలి. కదిలితే పట్టు జారుతుంది, ఒక్కోసారి ఆరోజుకు ఆపేయాల్సి వస్తుంది. నరాలు తక్కువ తెగుతాయి కాబట్టి పొడిబారడం లేసిక్ కంటే తక్కువ. మొదటి రెండు మూడు రోజులు చూపు లేసిక్ అంత తేటగా ఉండదు, తర్వాత సమానమవుతుంది. అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతిచ్చే ఎఫ్‌డీఏ దీన్ని 2016లో మైనస్‌కు, 2018లో సిలిండర్‌కు కూడా ఒప్పుకుంది. లేసిక్ పాతబడింది అనడం మాత్రం అమ్మకం మాట. ఇందులో కూడా కార్నియా తరుగుతుంది. బిళ్ల పైన మిగిలే పైకప్పు 120, బిళ్లకు అంచు మందం కలిపి 113 దాకా వేసుకుంటే కింద మిగిలేది 275. పైకప్పు దాదాపు తెగకుండా ఉంటుంది కాబట్టి దాని బలం కూడా కలుస్తుందని సర్జన్లు చెప్తారు, అందులో నిజముంది. అలాగని స్మైల్ తర్వాత ఉబ్బిన కార్నియాలు లేవని ఎవరైనా అంటే నమ్మొద్దు. పవర్ కొంచెం మిగిలిపోతే మళ్లీ స్మైల్ చేయడం కష్టం, సాధారణంగా పైన పీఆర్‌కేనే చేస్తారు.

మ్యాపులో ఏ కొంచెం అనుమానం ఉన్నా ఈ మూడూ వద్దు. అప్పుడు కార్నియా జోలికి పోకుండా కంటి లోపల లెన్సు పెట్టే ఐసీఎల్ గురించి అడగండి. సిలిండర్‌కూ దొరుకుతుంది, అవసరమైతే తీసేయొచ్చు. ఖర్చు వీటన్నిటికంటే ఎక్కువ, కన్ను లోపలికి వెళ్లే ఆపరేషన్ కాబట్టి జాగ్రత్తా ఎక్కువే.

మరి మీకేది? మ్యాపు శుభ్రంగా ఉండి, పవర్ ఏడాదిపాటు అరకు మించి మారకుండా ఉంటే, నా మేనకోడలికైతే పీఆర్‌కే అంటాను. పది రోజులు సెలవు దొరకదు, ఆ బాధ పడలేను అంటే కొత్త మెషీన్ మీద స్మైల్. ఫెమ్టో లేసిక్ మూడోది. బ్లేడు లేసిక్ మీ కంటికి వద్దు. ఎడమ కన్ను ఈ ఏడే ముప్పావు మారింది కాబట్టి ఇవాళ్టికి మాత్రం ఏదీ వద్దు. పెరుగుతున్న పిల్లకు కొలిచి చెప్పులు కుట్టించినట్టవుతుంది.

ఇన్సూరెన్సు మీద ఆశ పెట్టుకోవద్దు. పవర్ 7.5 లోపు ఉంటే ఆరోగ్య పాలసీల్లో సైటు ఆపరేషన్ ఖర్చు మినహాయింపుల జాబితాలో ఉంటుంది.

ఆపరేషన్ ఎప్పుడు చేయించుకున్నా మర్నాడు, వారానికి, నెలకు చూపించుకోవాలి. నరసన్నపేట నుంచి విశాఖ వెళ్లి రావడమంటే ఒక రోజు పోయినట్టే. పీఆర్‌కే అయితే కట్టు లెన్సు తీసేదాకా అక్కడే చుట్టాలింట్లో ఉండిపోవడం నయం. ఇంకొకటి, పెళ్లయ్యాక చేయించుకునేటట్టయితే గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చే రోజుల్లో చేయరు. అప్పుడు పవర్ కొద్దిగా అటూ ఇటూ అవుతుంది. తేదీలు మీరిద్దరూ ఆలోచించుకోండి.

మీ అమ్మగారికి ఒక మాట. లేజర్ కార్నియా వంపును మారుస్తుంది, సైటుకు మూలమైన కంటిగుడ్డు పొడవును కాదు. అద్దాలు పోయినా కంటి వెనక రెటీనా సైటున్న కంటి రెటీనాయే. చుక్కలు వేసి ఏడాదికోసారి చూపించుకోవాల్సిందే. ఉన్నట్టుండి మెరుపులు, నల్లటి నలకల గుంపు, తెర దిగినట్టు నీడ కనబడితే ఆరోజే పరుగెత్తాలి. రేపు పిల్లలకు సైటు వచ్చే అవకాశం కూడా లేజర్‌తో పోదు. కాబట్టి పెళ్లివారి దగ్గర దాచి సాధించేదేమీ లేదు. అద్దాలతోనే చూపించండి.

ఇక మాఘం లోపు హడావిడిగా చేయించేస్తే ఏమవుతుందో ఊహించండి. కొత్తగా చెక్కిన కళ్లకు నలుగుపిండి, తలంటి, కాటుక, హోమం పొగ, ఆపైన రెండు వైపులవాళ్లూ పోటీపడి దోసిళ్లతో పోసే తలంబ్రాలు. అన్నీ ఆ రెండ్రోజుల్లోనే. మూత కోసిన కంట్లో పసుపు బియ్యపు గింజ పడితే ఎవరైనా ఏం చేస్తారు? నులుముకుంటారు. ఫొటోలకు కావాలంటే ఒక్కరోజుకు వాడి పారేసే సిలిండర్ లెన్సులు ఉంటాయి. చేతులు కడుక్కుని పెట్టుకోండి, రాత్రి పడుకునేముందు తీసేయండి. తలంబ్రాలు మొదలయ్యే ముందు మాత్రం అవి తీసేసి అద్దాలు పెట్టుకోండి, ఫొటోగ్రాఫర్ ఎంత గోల చేసినా సరే. ఎదురుగా ఉన్నవాడు ఎక్కడికి గురిపెడుతున్నాడో కూడా స్పష్టంగా కనబడుతుంది.